ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ సరైన పాత్ కనుక్కోవడం: 32 బిట్, 64 బిట్, ఆర్మ్ కంప్యూటర్లలో

డీటీపీ కేంద్రాల కోసం మీరు సీ షార్ప్‌లో రాసుకున్న చిన్న ప్రోగ్రామ్, కంప్యూటర్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ఎక్కడుందో వెతికి దాన్ని తెరవాలి. 32 బిట్ విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్లలో అది బాగానే పనిచేసింది. 64 బిట్ విండోస్ 10కి మారాక పేజ్‌మేకర్ దొరకలేదంటోంది. దాంతో మీరు, విండోస్ 64 బిట్ అయితే ప్రోగ్రామ్ ఫైల్స్ పాత్ (ఫోల్డర్ పూర్తి చిరునామా) చివర “(ఎక్స్86)” అని కలిపేలా కోడ్ మార్చారు. మీ దగ్గర అది సరిపోయింది గానీ, అదే కోడ్‌ను మీ మిత్రుడు తన కొత్త ప్రాజెక్టులో పెట్టి కంపైల్ చేస్తే “సి:\ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86) (ఎక్స్86)” అనే, ఎక్కడా లేని ఫోల్డర్ కోసం వెతుకుతోంది. ఈ రెండు లోపాలకూ మూలం ఒక్కటే కాబట్టి కలిపే సమాధానం రాస్తున్నాను. వేరియబుళ్లు, ఫంక్షన్లు, కీల పేర్లను ఉచ్చారణను బట్టి తెలుగులో రాశాను. కోడ్‌లో మాత్రం వాటి ఆంగ్ల వర్ణక్రమమే వాడాలి.

ముందుగా చేయవలసిన మార్పు చెబుతాను. పాత్‌కు మీరే అక్షరాలు కలపడం పూర్తిగా మానేయండి. సీ షార్ప్ ప్రోగ్రాములకు ఆధారమైన డాట్‌నెట్‌లో, వెర్షన్ 4 నుంచి, ఎన్విరాన్‌మెంట్ క్లాసులోని గెట్‌ఫోల్డర్‌పాత్‌కు ప్రోగ్రామ్‌ఫైల్స్‌ఎక్స్86 అనే స్పెషల్‌ఫోల్డర్ విలువను ఇవ్వవచ్చు. పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రామ్ కనుక మీకు కావలసిన ఫోల్డర్ అదే. తిరిగి వచ్చిన జవాబు ఖాళీగా ఉంటే మామూలు ప్రోగ్రామ్‌ఫైల్స్ విలువతో మళ్లీ అడగండి. మీ ప్రోగ్రామ్ 32 బిట్‌గా నడిచినా 64 బిట్‌గా నడిచినా ఈ పద్ధతి ఒకే ఫోల్డర్‌ను చూపిస్తుంది. ఇప్పుడు ఇది ఎందుకు పనిచేస్తుందో, మీ పాత పద్ధతి ఎందుకు పనిచేయలేదో వివరిస్తాను. ఆ కారణం తెలియకపోతే మరో కంప్యూటర్లో మరో రూపంలో ఇదే సమస్య మళ్లీ ఎదురవుతుంది.

“ఈ కంప్యూటర్ 32 బిట్టా, 64 బిట్టా?” అని మనం మామూలుగా ఒకే ప్రశ్న అడుగుతాం. నిజానికి అందులో నాలుగు వేర్వేరు ప్రశ్నలున్నాయి: ప్రాసెసర్ ఎన్ని బిట్లది, దాని మీద వేసిన విండోస్ ఎన్ని బిట్లది, పాత్ అడుగుతున్న మీ ప్రోగ్రామ్ ఆ క్షణంలో ఎన్ని బిట్ల ప్రాసెస్‌గా నడుస్తోంది, మీరు వెతుకుతున్న ప్రోగ్రామ్ ఎన్ని బిట్లది. మొదటి ప్రశ్నకు ఈ విషయంలో దాదాపు పని లేదు, ఎందుకంటే 64 బిట్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్లలో కూడా మెమరీ తక్కువగా ఉందనో, పాత ప్రింటర్ డ్రైవర్ల కోసమో 32 బిట్ విండోస్ వేసుకున్నవారు చాలామంది ఉన్నారు. రెండో ప్రశ్న ఫోల్డర్లు ఎన్ని ఉంటాయో చెబుతుంది. మూడోది, మీరు అడిగినప్పుడు విండోస్ ఏ ఫోల్డర్ పేరు చెబుతుందో నిర్ణయిస్తుంది. నాలుగోది, మీరు అసలు ఏ ఫోల్డర్‌లో వెతకాలో నిర్ణయిస్తుంది. మీ కోడ్ రెండో ప్రశ్నకు జవాబు తెలుసుకుని, దానితోనే మూడో ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ జవాబు దొరికిందనుకుంది. లోపమంతా అక్కడే ఉంది.

32 బిట్ విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్ ఒక్కటే ఉంటుంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మీద నడిచే 64 బిట్ విండోస్‌లో రెండుంటాయి: 64 బిట్ ప్రోగ్రాముల కోసం ప్రోగ్రామ్ ఫైల్స్, 32 బిట్ ప్రోగ్రాముల కోసం ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86). ఎక్స్86 అన్నది 1978లో ఇంటెల్ తెచ్చిన 8086తో మొదలై 286, 386గా సాగిన ప్రాసెసర్ల వరుసకు వచ్చిన పేరు. రెండు ఫోల్డర్లు అవసరమైన కారణం గట్టిదే. 64 బిట్ ప్రాసెస్ 32 బిట్ డీఎల్‌ఎల్‌ను (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఉన్న ఫైలును) తనలోకి లోడ్ చేసుకోలేదు. 32 బిట్ ప్రాసెస్ 64 బిట్ డీఎల్‌ఎల్‌ను లోడ్ చేసుకోలేదు. ఒకే సంస్థ తన సాఫ్ట్‌వేర్‌ను రెండు రూపాల్లోనూ ఇస్తే ఫైళ్ల పేర్లు ఒకటే అవుతాయి, ముఖ్యంగా కామన్ ఫైల్స్ అనే ఉప ఫోల్డర్‌లో. రెండింటినీ ఒకే చోట పెడితే తర్వాత వేసినది ముందు వేసినదాన్ని చెరిపేస్తుంది. ఇక 32 బిట్ రోజుల్లో రాసిన వేలాది ప్రోగ్రాములకు రెండో ఫోల్డర్ ఉందనే విషయమే తెలియదు. వాటిని మార్చకుండానే సరైన ఫోల్డర్‌కు పంపడానికి మైక్రోసాఫ్ట్ ఎంచుకున్న మార్గం ఏమిటంటే, అడిగేవారిని బట్టి జవాబు మార్చడం.

64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములను నడిపే పొరను వావ్64 అంటారు. ఒక 32 బిట్ ప్రాసెస్ మొదలయ్యేటప్పుడు ఈ పొర దాని ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లలో (విండోస్ ప్రతి ప్రాసెస్‌కూ పేర్లతో అందించే విలువల్లో) కొన్నింటిని మారుస్తుంది. 64 బిట్ ప్రాసెస్ లోంచి ప్రోగ్రామ్‌ఫైల్స్ వేరియబుల్‌ను అడిగితే “సి:\ప్రోగ్రామ్ ఫైల్స్” అని వస్తుంది. అదే కంప్యూటర్లో, అదే వేరియబుల్‌ను 32 బిట్ ప్రాసెస్ అడిగితే “సి:\ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86)” అని వస్తుంది. ప్రోగ్రామ్‌ఫైల్స్(ఎక్స్86) అనే రెండో వేరియబుల్ ఇద్దరికీ ఎక్స్86 ఫోల్డర్‌నే చూపిస్తుంది, అయితే 32 బిట్ విండోస్‌లో ఆ వేరియబుల్ అసలు ఉండదు. ప్రోగ్రామ్‌డబ్ల్యూ6432 అనే మూడో వేరియబుల్ విండోస్ 7తో వచ్చింది; 32 బిట్ ప్రాసెస్ లోంచి కూడా 64 బిట్ ఫోల్డర్‌ను తెలుసుకోవడానికే దాన్ని పెట్టారు.

ఇప్పుడు మీ రెండు లోపాలనూ దీనితో పోల్చి చూడండి. మీ ప్రాజెక్టు ఎనీ సీపీయూగా, అంటే విండోస్ ఎన్ని బిట్లదైతే అన్ని బిట్లతో నడిచేలా, కంపైల్ అవుతుంది కాబట్టి 64 బిట్ విండోస్‌లో 64 బిట్ ప్రాసెస్‌గా నడిచింది. ప్రోగ్రామ్‌ఫైల్స్ అంటే దానికి 64 బిట్ ఫోల్డరే కనబడింది. పేజ్‌మేకర్ ఏమో రెండో ఫోల్డర్‌లో ఉంది. అందుకే మొదటిసారి దొరకలేదు. మీ మిత్రుడి ప్రాజెక్టులో ఎనీ సీపీయూతో పాటు “ప్రిఫర్ 32 బిట్” అనే పెట్టెలో టిక్ ఉంది. విజువల్ స్టూడియో 2012, డాట్‌నెట్ 4.5 నుంచి కొత్తగా తెరిచే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టుల్లో ఆ టిక్ మనం పెట్టకుండానే ఉంటుంది; అది ఉన్నప్పుడు 64 బిట్ విండోస్‌లో కూడా ప్రోగ్రామ్ 32 బిట్‌గానే నడుస్తుంది. అప్పుడు ప్రోగ్రామ్‌ఫైల్స్ విలువలోనే (ఎక్స్86) ఉంది. విండోస్ 64 బిట్ అని తేలగానే మీ కోడ్ దానికి మరో (ఎక్స్86) తగిలించింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, ఆ ఒక్క టిక్ వల్ల ఫలితం తారుమారైంది.

నమ్మకం కుదరడానికి మీ కంప్యూటర్లోనే చూసుకోవచ్చు. మామూలు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సెట్ అనే ఆదేశం తర్వాత ప్రోగ్ అని ఇవ్వండి. ఆ అక్షరాలతో మొదలయ్యే వేరియబుళ్లన్నీ వస్తాయి. తర్వాత విండోస్ ఫోల్డర్ లోపల సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉన్న సీఎమ్‌డీని తెరిచి అదే ఆదేశం ఇవ్వండి. అది 32 బిట్ ప్రాంప్ట్ కాబట్టి ప్రోగ్రామ్‌ఫైల్స్ విలువ మారి కనబడుతుంది. పేర్లు చూసి తికమక పడకండి: 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు, సిస్‌వావ్64లో ఉండేవి 32 బిట్ ఫైళ్లు. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని సిస్టమ్32 పేరును మార్చకుండా ఉంచేశారు.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 32 బిట్ ప్రాసెస్ సిస్టమ్32లోని ఫైలును తెరవమంటే విండోస్ దాన్ని నిశ్శబ్దంగా సిస్‌వావ్64కు మళ్లిస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌కు అలాంటి మళ్లింపు లేదు. వేరియబుల్ విలువ మాత్రమే మారుతుంది. మీరు కోడ్‌లో “సి:\ప్రోగ్రామ్ ఫైల్స్” అని అక్షరాలా రాస్తే 32 బిట్ ప్రాసెస్ కూడా నేరుగా 64 బిట్ ఫోల్డర్‌కే వెళుతుంది. కాబట్టి విండోస్ ఎలాగూ సర్దుకుంటుందన్న ధైర్యంతో పాత్‌ను కోడ్‌లో రాసేయడం తప్పు. అసలు విండోస్ సి డ్రైవ్‌లోనే ఉంటుందన్న హామీ కూడా లేదు. ఫోల్డర్ పేరు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు: జర్మన్ విండోస్ ఎక్స్‌పీలో డిస్కు మీద దాని పేరే “ప్రోగ్రామె”. విస్టా నుంచి డిస్కు మీద పేరు అన్ని భాషల్లోనూ ప్రోగ్రామ్ ఫైల్స్‌గానే ఉంటోంది, ఎక్స్‌ప్లోరర్ మాత్రం ఆయా భాషల పేరు చూపిస్తుంది. ప్రోగ్రా~1, ప్రోగ్రా~2 అనే కుదించిన పేర్లు వాడమని కొందరు సలహా ఇస్తారు. ఆ అంకెలు ఫోల్డర్లు తయారైన వరుసను బట్టి వస్తాయి, కొన్ని డ్రైవ్‌లలో కుదించిన పేర్లు తయారు కాకుండా ఆపివేసి కూడా ఉంటాయి. వాటి జోలికి వెళ్లకండి.

విండోస్ ఎన్ని బిట్లదో ప్రాసెసర్_ఆర్కిటెక్చర్ వేరియబుల్‌తో తెలుసుకునే స్క్రిప్టులు కూడా ఇలాగే మోసపోతాయి. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రాసెస్ లోంచి అడిగితే అది ఎక్స్86 అనే చెబుతుంది; అసలు సంగతి అప్పుడు ప్రాసెసర్_ఆర్కిటెడబ్ల్యూ6432 అనే మరో వేరియబుల్‌లో ఉంటుంది. రెండోది ఉంటే దాన్ని, లేకపోతే మొదటిదాన్ని నమ్మాలి. డాట్‌నెట్‌లో అయితే ఈజ్64బిట్‌ఆపరేటింగ్‌సిస్టమ్, ఈజ్64బిట్‌ప్రాసెస్ అని రెండు విడివిడి ప్రాపర్టీలు ఉన్నాయి. అవి రెండుగా ఉండటమే ఈ రెండు ప్రశ్నలు వేరని గుర్తు చేస్తుంది.

బ్యాచ్ ఫైళ్లలో మరో చిక్కు ఉంది. ప్రోగ్రామ్‌ఫైల్స్(ఎక్స్86) అనే పేరులోనూ దాని విలువలోనూ కుండలీకరణాలు ఉన్నాయి. ఇఫ్ తర్వాత కుండలీకరణాల మధ్య రాసిన ఆదేశాల గుంపులో ఆ వేరియబుల్‌ను కోట్ గుర్తులు లేకుండా వాడితే, దాని విలువలోని మూసే కుండలీకరణాన్నే కమాండ్ ప్రాంప్ట్ గుంపు ముగింపుగా తీసుకుంటుంది. మిగిలిన ముక్క అక్కడికి ఎలా వచ్చిందో అర్థం కాలేదని చెప్పి స్క్రిప్టును ఆపేస్తుంది. ఆ షరతు నెరవేరని కంప్యూటర్లో కూడా ఇది జరుగుతుంది, ఎందుకంటే కమాండ్ ప్రాంప్ట్ గుంపు మొత్తాన్ని ముందే చదివి విలువలు నింపుతుంది. ఇఫ్‌కు ముందే ఆ విలువను కుండలీకరణాల్లేని పేరున్న మీ సొంత వేరియబుల్‌లోకి తీసుకుని, గుంపు లోపల దాన్ని ఆశ్చర్యార్థక గుర్తుల మధ్య, ఆదేశం నడిచే క్షణంలోనే విలువ నింపే డిలేడ్ ఎక్స్‌పాన్షన్ పద్ధతిలో వాడడం మంచిది; కోట్ గుర్తులు ఎలాగూ పెట్టాలి. పవర్‌షెల్‌లో అయితే డాలర్ గుర్తు తర్వాత పేరు మొత్తాన్ని మీసాల బ్రాకెట్లలో పెట్టకపోతే కుండలీకరణం దగ్గర పేరు తెగిపోతుంది. ఇక పాత్‌లో ఖాళీ ఉంది కాబట్టి, ప్రోగ్రామ్‌ను తెరిచే ఆదేశంలో పాత్‌ను ఎప్పుడూ కోట్ గుర్తుల మధ్యే ఇవ్వండి. గుర్తులు లేకపోతే విండోస్ ముందుగా సి డ్రైవ్ మొదట్లో ప్రోగ్రామ్ అనే పేరుతో ఈఎక్స్‌ఈ ఫైలు ఉందేమో చూస్తుంది. అలాంటి ఫైలును ఎవరైనా దురుద్దేశంతో అక్కడ పెడితే నడిచేది అదే. ఇది భద్రతకు సంబంధించిన విషయం, తేలికగా తీసుకోవద్దు.

ఇంటెల్, ఏఎండీలకు భిన్నమైన ఆర్మ్ రకం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు దుకాణాల్లోకి వస్తున్నాయి కాబట్టి వాటి గురించీ చెప్పాలి. ఆర్మ్64 విండోస్‌లో ఆ ప్రాసెసర్ కోసమే తయారైన 64 బిట్ ప్రోగ్రాములు ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళతాయి. పాత 32 బిట్ ఎక్స్86 ప్రోగ్రాములు అనుకరణ ద్వారా నడుస్తాయి, వాటి ఫోల్డర్ ఇక్కడ కూడా (ఎక్స్86)దే. విండోస్ 11 నుంచి ఇంటెల్, ఏఎండీల 64 బిట్ ప్రోగ్రాములు కూడా అనుకరణలో నడుస్తున్నాయి. వాటికి వేరే ఫోల్డర్ ఇవ్వలేదు, అవి కూడా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకే వెళతాయి. అంటే ఆ ఫోల్డర్‌లో ఉన్నంత మాత్రాన ఒక ప్రోగ్రామ్ ఏ ప్రాసెసర్ కోసం తయారైందో చెప్పలేము. 32 బిట్ ఆర్మ్ ప్రోగ్రాముల కోసం ప్రోగ్రామ్ ఫైల్స్ (ఆర్మ్) అనే మూడో ఫోల్డర్ కూడా కొన్ని కంప్యూటర్లలో కనబడుతుంది, మన అవసరాలకు దానితో పని పడదు. అనుకరణలో నడుస్తున్న 64 బిట్ ప్రాసెస్‌కు ప్రాసెసర్_ఆర్కిటెక్చర్ విలువ ఏఎండీ64 అనే కనబడుతుంది కాబట్టి, అసలు ప్రాసెసర్ ఏదో నిజంగా తెలియాలంటే విండోస్ 10తో వచ్చిన ఈజ్‌వావ్64ప్రాసెస్2 అనే ఫంక్షన్‌ను అడగాలి. మీ పేజ్‌మేకర్ విషయంలో ఇదేమీ అవసరం లేదు. పైన చెప్పిన గెట్‌ఫోల్డర్‌పాత్ పద్ధతి ఆర్మ్ కంప్యూటర్లోనూ సరైన ఫోల్డర్‌నే ఇస్తుంది.

సీ ప్లస్ ప్లస్‌లో రాసేవారు ఎస్‌హెచ్‌గెట్‌నోన్‌ఫోల్డర్‌పాత్ ఫంక్షన్ వాడాలి. అందులో ఒక పరిమితిని గుర్తుంచుకోవాలి: ప్రోగ్రామ్‌ఫైల్స్‌ఎక్స్64 అనే ఫోల్డర్ ఐడీని 32 బిట్ ప్రోగ్రామ్ లోంచి అడిగితే, విండోస్ 64 బిట్ అయినా సరే, లోపం తిరిగి వస్తుంది. కాబట్టి 32 బిట్ ప్రోగ్రామ్ 64 బిట్ ఫోల్డర్‌ను తెలుసుకోవాలంటే ప్రోగ్రామ్‌డబ్ల్యూ6432 వేరియబుల్‌ను చూడాలి, లేదా రిజిస్ట్రీలోని (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటులోని) 64 బిట్ వీక్షణను తెరిచి అక్కడి కరెంట్‌వెర్షన్ కీలో ప్రోగ్రామ్‌ఫైల్స్‌డిర్ విలువను చదవాలి. రిజిస్ట్రీకి కూడా రెండు వీక్షణలు ఉన్నాయి. 32 బిట్ ప్రాసెస్ సాఫ్ట్‌వేర్ కీ కింద అడిగినవాటిలో చాలావరకు వావ్6432నోడ్ అనే ఉప కీకి మళ్లుతాయి. ఆ ఉప కీ పేరును కోడ్‌లో నేరుగా రాయకుండా, తెరిచేటప్పుడే ఏ వీక్షణ కావాలో చెప్పడం సరైన పద్ధతి. డాట్‌నెట్ 4లో రిజిస్ట్రీవ్యూ అనే విలువ అందుకే ఉంది.

ఇంతవరకూ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ సంగతి. కానీ మీకు నిజంగా కావలసింది ఆ ఫోల్డర్ కాదు, పేజ్‌మేకర్. ఈ తేడాను పట్టించుకోకపోతే పైన చెప్పినవన్నీ సరిగ్గా చేసినా కొన్ని కంప్యూటర్లలో విఫలమవుతారు, ఎందుకంటే 64 బిట్ ప్రోగ్రామ్ 64 బిట్ ఫోల్డర్‌లోనే ఉండాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. క్రోమ్ బ్రౌజర్ 64 బిట్ రూపం ఏళ్ల తరబడి (ఎక్స్86) ఫోల్డర్‌లోనే ఉండేది; 2020లో కొత్త ఇన్‌స్టాలేషన్లకు ప్రోగ్రామ్ ఫైల్స్‌కు మారింది, పాతవి ఉన్నచోటే ఉండిపోయాయి. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 64 బిట్ అయినా (ఎక్స్86)లోనే ఉంటుంది. విజువల్ స్టూడియో 2019 వరకు (ఎక్స్86)లో ఉండి, 64 బిట్‌గా మారిన 2022 వెర్షన్‌తో ప్రోగ్రామ్ ఫైల్స్‌కు వచ్చింది. కానీ అది ఎక్కడుందో చెప్పే వీఎస్‌వేర్ అనే చిన్న పనిముట్టు ఇప్పటికీ (ఎక్స్86)లోని ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. వాడేవారు తమకు మాత్రమే ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రాములు ఈ రెండు ఫోల్డర్లలోనూ ఉండవు, సాధారణంగా వారి సొంత లోకల్‌యాప్‌డేటా ఫోల్డర్ కింద ఉంటాయి. డీటీపీ కేంద్రాల్లో సి డ్రైవ్ నిండిపోయిందని డి డ్రైవ్‌లో పేజ్‌మేకర్ వేసుకోవడం కూడా సాధారణమే.

అందువల్ల మీ ప్రోగ్రామ్ ముందుగా రిజిస్ట్రీలో వెతకాలని నా గట్టి అభిప్రాయం. కరెంట్‌వెర్షన్ కింద యాప్ పాత్స్ అనే కీ ఉంటుంది. చాలా ప్రోగ్రాములు తమ ఈఎక్స్‌ఈ పేరుతో అక్కడ ఉప కీ పెట్టి, దాని డిఫాల్ట్ విలువలో పూర్తి పాత్ రాస్తాయి. విండోస్ 7 నుంచి ఈ కీ రెండు వీక్షణలకూ ఉమ్మడిగా ఉంటుంది కాబట్టి బిట్ల గొడవ లేదు. అక్కడ లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ కీలో, ముందు 32 బిట్ వీక్షణలో, తర్వాత 64 బిట్ వీక్షణలో, డిస్‌ప్లేనేమ్‌లో పేజ్‌మేకర్ అన్న మాట ఉన్న ఉప కీని వెతికి దాని ఇన్‌స్టాల్‌లొకేషన్ చదవండి. పాత ఇన్‌స్టాలర్లు ఆ విలువను తరచుగా ఖాళీగా వదిలేస్తాయి కాబట్టి, అదీ దొరకనప్పుడే (ఎక్స్86) ఫోల్డర్‌లోని అడోబ్ ఉప ఫోల్డర్‌లో, ఆ తర్వాత మామూలు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో చూడండి. ప్రతి దశలోనూ దొరికిన పాత్‌లో ఆ ఫైలు నిజంగా ఉందో లేదో పరీక్షించాకే నమ్మండి. తీసేసిన ప్రోగ్రాముల పాత కీలు రిజిస్ట్రీలో మిగిలిపోవడం మామూలు. ఎక్కడా దొరకకపోతే, వాడేవారినే ఫైలు చూపించమని ఒక్కసారి అడిగి, ఆ పాత్‌ను వారి సెట్టింగుల్లో దాచుకోండి. దోష సందేశంలో ఏయే పాత్‌లు చూశారో, అప్పుడు మీ ప్రాసెస్ ఎన్ని బిట్లదో కూడా రాయండి. దూరంగా ఉన్న కంప్యూటర్ గురించి ఫోన్లో మాట్లాడేటప్పుడు మీకు ఉపయోగపడే సమాచారం అదే.

చివరగా మీరు అడిగిన చిన్న ప్రశ్న: రిజిస్ట్రీలోని ప్రోగ్రామ్‌ఫైల్స్‌డిర్ విలువను డి డ్రైవ్‌కు మార్చేస్తే సరిపోదా అని. వద్దు. అలా మార్చడాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు, అప్పటికే సి డ్రైవ్‌లో ఉన్న ప్రోగ్రాములూ వాటి అప్‌డేట్లూ దెబ్బతినే ప్రమాదం ఉంది. స్థలం కోసమే అయితే పేజ్‌మేకర్‌ను తీసేసి, మళ్లీ వేసేటప్పుడు ఇన్‌స్టాలర్ అడిగినచోట డి డ్రైవ్‌ను ఎంచుకోండి. అలా వేసిన కంప్యూటర్లో పైన చెప్పిన వెతుకులాట రిజిస్ట్రీ దశలో ఫలించకపోతే, వాడేవారు ఒక్కసారి చూపించిన పాత్‌తో అక్కడి పని సాగిపోతుంది.